మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్

మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్ (ఎంటీపీ) అనునది యుఎస్‌బి కేబులుతో కలిపిన ఫోను, కెమెరా వంటి పరికరములకు, కంప్యూటరుకు మధ్య ఫైళ్ళను చేరవేయు నియమావళి. ఆండ్రాయిడ్ ఫోనులోని ఫోల్డర్లు కంప్యూటరు తెరపై కనిపించుటకు సాధారణముగా ఇదే ఆధారము. అయితే తెరపై కనిపించు ఆ ఫోల్డర్లు కమాండ్ లైను నుండి వెదకినచో వెంటనే దొరకవు. ఫోను ఒక డిస్కువలె కాక, అడిగినదానికి బదులిచ్చు వేరొక కంప్యూటరువలె వ్యవహరించుటయే ఇందుకు కారణము.

చరిత్ర

డిజిటల్ కెమెరాల కొరకు ఏర్పడిన పిక్చర్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్‌ను విస్తరించి మైక్రోసాఫ్ట్ సంస్థ ఎంటీపీని రూపొందించినది. 2008లో యుఎస్‌బి ఇంప్లిమెంటర్స్ ఫోరమ్ దీనిని ప్రమాణముగా ప్రచురించినది. తొలి ఆండ్రాయిడ్ ఫోనులు తమ మెమరీ కార్డును "మాస్ స్టోరేజి" పద్ధతిలో పెన్ డ్రైవువలె చూపెడివి. 2011లో వెలువడిన ఆండ్రాయిడ్ 3.0 నుండి ఎంటీపీ వాడుకలోనికి వచ్చినది.

మాస్ స్టోరేజితో భేదము

మాస్ స్టోరేజి పద్ధతిలో కంప్యూటరు నిల్వలోని ఒక్కొక్క బ్లాకును నేరుగా చదివి వ్రాయును. ఫోను కూడ అదే సమయమున వ్రాసినచో ఫైల్ సిస్టమ్ చెడిపోవును. కావున కంప్యూటరు వాడుచున్నంతసేపు కార్డు ఫోనులోని అప్లికేషన్లకు అందెడిది కాదు.

ఎంటీపీలో నిల్వ ఎల్లప్పుడు ఫోను అధీనముననే ఉండును. ప్రతి ఫైలుకు, ఫోల్డరుకు ఫోను ఒక సంఖ్యను కేటాయించును. ఆ సంఖ్యను పేర్కొని కంప్యూటరు ఫైలును కోరగా ఫోను పంపును. ఇందువలన విండోస్‌లో ఫోనుకు డ్రైవు అక్షరము ఉండదు. కమాండ్ ప్రాంప్టులోని సీడీ, డిర్ ఆదేశములు దానిని చేరలేవు.

లినక్స్‌లో చేరు విధానము

(ఇందలి ఆదేశముల పేర్లను టైపు చేయునపుడు రోమను చిన్న అక్షరములు వాడవలెను.)

ముందుగా ఫోను లాకు తీసి, నోటిఫికేషన్లలో "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకొనవలెను. లేనిచో ఫోను ఛార్జి మాత్రమే అగును, లేదా ఖాళీ ఫోల్డరు కనిపించును.

* గ్నోమ్ డెస్క్‌టాప్: ఫైల్ మేనేజరులో ఫోనును ఒకసారి తెరచినచో జీవీఎఫ్ఎస్ అను వ్యవస్థ దానికి ఒక మార్గమును ఏర్పరచును. రన్ డైరెక్టరీలో యూజర్, అందులో వాడుకరి సంఖ్య (తరచుగా 1000), అందులో జీవీఎఫ్ఎస్ డైరెక్టరీ ఉండును. ఎంటీపీ అను అక్షరములతో మొదలగు పేరు ఫోనుది. ఆ పేరు పొడవైనది కావున టాబ్ కీతో పూరించుట సులభము. అటుపై ఎల్‌ఎస్, సీపీ ఆదేశములు పనిచేయును. సీపీ విఫలమైనచో "జియో కాపీ" ప్రయత్నింపవచ్చును.
* డెస్క్‌టాప్ లేని చోట: జేఎంటీపీఎఫ్ఎస్, సింపుల్-ఎంటీపీఎఫ్ఎస్ వంటి ప్రోగ్రాములతో ఫోనును ఒక ఖాళీ డైరెక్టరీపై మౌంటు చేయవచ్చును. ఇవి 2005లో లినక్స్ కెర్నలులో చేరిన ఫ్యూజ్ సదుపాయముపై ఆధారపడును. ఫైల్ మేనేజరు అప్పటికే ఫోనును తెరచియున్నచో ఇవి పనిచేయవు. ముందుగా దానిని అన్‌మౌంటు చేయవలెను.

ఏడీబీ

ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జి (ఏడీబీ) ఎంటీపీతో సంబంధము లేని వేరొక మార్గము. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోను పనిచేయును. ఫోను సెట్టింగులలో "యుఎస్‌బి డీబగ్గింగ్" ప్రారంభించి, తెరపై అడిగినపుడు ఆ కంప్యూటరుకు అనుమతి ఈయవలెను. "ఏడీబీ పుల్" ఫోను నుండి ఫైళ్ళను తెచ్చును. "ఏడీబీ పుష్" ఫోనుకు పంపును. పని ముగిసిన పిమ్మట డీబగ్గింగ్‌ను ఆపివేయుట క్షేమము.

జాగ్రత్తలు

ఫైళ్ళను తరలించుటకన్న నకలు తీయుట మేలు. నకలు మధ్యలో కేబులు ఊడినచో ఫైలు అసంపూర్ణముగా మిగులవచ్చును. రెండువైపుల ఫైళ్ళ సంఖ్య, పరిమాణము సరిచూచి, కొన్నింటిని తెరచి చూచిన తరువాతనే ఫోనులోనివి తొలగించవలెను. కమాండ్ లైనులో ఆర్‌ఎమ్ ఆదేశముతో తొలగించినవి రీసైకిల్ బిన్‌కు చేరవు.

ఈ మార్గములన్నిటికి ఫోను యజమాని అనుమతి తప్పనిసరి. ఫోను పోయినపుడు ఇతరులనుండి ఫైళ్ళను కాపాడునది ఈ నియమమే. కాని తెర పగిలి స్పర్శకు బదులీయని ఫోనులో లాకు తీయుట, ఎంపిక నొక్కుట సాధ్యము కానందున, ఇదే నియమము యజమానికిని అడ్డగును. కావున ఫోనులో తప్ప మరెచ్చటను లేని ఫొటోలకు, పత్రములకు ఫోను బాగుగా పనిచేయుచుండగనే నకలు తీసియుంచవలెను.