మండీ మన ఇంట్లో: గుంత లేదు, గ్యాస్ పొయ్యి ఉంది

తిరుమలగిరి నుంచి మళ్లీ నేనే. ఈ వారం వచ్చిన మెసేజుల్లో సగం ఒక్కటే ప్రశ్న: "అన్నా, దుబాయ్‌లో తిన్న మండీ ఇంట్లో వస్తదా?" వస్తది. కానీ మసాలా ప్యాకెట్ కొంటే రాదు. అది ఎట్లా ఉడుకుతుందో తెలిస్తే వస్తది. అందుకే ఇవాళ రెసిపీ కంటే ముందు దాని లోపలి పని చూద్దాం. ఇంజినీరింగ్ చదివిన అలవాటు, ఏం చేస్తం.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ప్రాజెక్ట్ పని మీద రెండు నెలలు దుబాయ్‌లో ఉన్నా. దేరా ఏరియాలో యెమెన్ వాళ్ల చిన్న హోటల్ ఒకటి ఉండేది. మొదటిసారి తిన్నప్పుడు నిజంగా అనిపించింది ఏంటంటే, "ఇందులో కారమే లేదు కదా!" అని. రెండో ముద్దకు ఆ మాట మర్చిపోయిన. అన్నంలో మాంసం రుచి ఉంది, పొగ వాసన ఉంది, మసాలా మాత్రం ఎక్కడా అరవట్లేదు.

మండీ పుట్టింది యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతంలో. పేరు "నదా" అనే అరబిక్ మాట నుంచి వచ్చిందంటరు, అంటే మంచు తడి. మాంసం అంత తేమగా ఉంటదని. ఈ హద్రమౌత్ మనకు కొత్తేం కాదు. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బులు చాలామంది అక్కడి నుంచే వచ్చారు. వాళ్లున్న బ్యారక్సే మాట మారి హైదరాబాద్‌లో బార్కాస్ అయింది. 2010లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న మన హలీమ్‌కు కూడా మూలం అరబ్బుల హరీసే. ఇక గల్ఫ్‌కు పోయిన మనవాళ్ల సంగతి వేరే. ఇంట్లో చాయ్ కూడా పెట్టుకోనోళ్లు అక్కడ రూముల్లో వంతులేసుకుని వండుకుంటరు. మా చిన్నమామ అట్లనే నేర్చుకున్నడు. ఇప్పుడు ఆదివారం మండీ అంటే గరిటె ఆయన చేతిలోనే, అత్త కుర్చీలో.

సరే, పనిలోకి వద్దాం. అసలు మండీ భూమిలో తవ్విన తందూర్ గుంతలో చేస్తరు. అడుగున నిప్పులు, వాటి మీద అన్నం గిన్నె, దానిపైన వేలాడే మాంసం, మీద గట్టి మూత. మాంసం నుంచి కారే కొవ్వు, రసం నేరుగా అన్నంలో పడుతుంది. బయటికి పోలేని ఆవిరి మాంసాన్ని ఎండనివ్వదు. పొగ అన్నిట్లోకీ పడుతుంది. ఇంట్లో గుంత తవ్వాల్సిన పని లేదు, ఈ పనులు జరిగితే చాలు.

కిలో మటన్, ఎముకతో పెద్ద ముక్కలు. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, దాల్చినచెక్క, యాలకులు, లవంగం, మిరియాలు, ఉప్పు వేసి నీళ్లలో మెత్తగా ఉడికించాలి. మామూలు గిన్నెలో గంటా పావు పడుతుంది, తొందరుంటే కుక్కర్. అరబ్బులు ఇందులో ఎండబెట్టిన నల్ల నిమ్మకాయ వేస్తరు. దొరక్కపోతే చివర్లో కొంచెం నిమ్మరసం పిండండి. ముక్కలు తీసి, నీళ్లు వడగట్టి దాచండి. ఈ నీళ్లే మండీ. పారబోస్తే మిగిలేది బిర్యానీ కాదు, మండీ కాదు.

ఇప్పుడు బియ్యం. హోటల్లో మెతుకు మెతుకు విడిగా ఉంటది కదా, అది ఎక్కువగా సేలా బాస్మతి. సేలా అంటే ఏంటో తెలుసా? ఉప్పుడు బియ్యం! వడ్లను పొట్టుతోనే నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి ఆడిస్తరు. గింజ లోపలి పిండి ముందే ఉడికి గట్టిపడుతుంది కాబట్టి వండినప్పుడు బయటికి తక్కువ వస్తుంది, అంటుకోదు. మన యాసంగి వడ్లు ఎండకు పగిలి నూక ఎక్కువ అవుతుందని మిల్లుల్లో చేసేదీ ఇదే పని. 2021లో ఉప్పుడు బియ్యం తీసుకోమని కేంద్రం అంటే రాష్ట్రమంతా ఎంత గొడవ అయిందో గుర్తుందా? మనం ఇంట్లో తినం, బాస్మతి పేరు పెడితే మాత్రం డబ్బులు పెట్టి కొంటం.

"రేషన్ సన్నబియ్యంతో అయితదా అన్నా?" అని కూడా అడిగారు. 2025 ఉగాది రోజు మన జిల్లా హుజూర్‌నగర్‌లోనే మొదలైన పథకం కదా, న్యాయమైన ప్రశ్న. అయితది. కొలత మారుతుంది, అంతే. సేలా అయితే గంట నానబెట్టి గ్లాసుకు రెండు గ్లాసుల మటన్ నీళ్లు. సన్నబియ్యం అయితే నాలుగైదు సార్లు కడిగి, ఇరవై నిమిషాలు నానబెట్టి, గ్లాసుకు గ్లాసున్నర. కలపకండి, విరిగిపోతుంది. బాస్మతి అంత పొడవు రాదు, రుచిలో మాత్రం నాకు తేడా పెద్దగా తెలియలేదు.

అన్నం ముప్పావు ఉడికాక గిన్నె లోపల స్టీల్ జాలీ పెట్టండి. ముక్కలకు పసుపు, నెయ్యి పట్టించి పెనం మీద రంగు వచ్చేదాకా కాల్చి, జాలీ మీద పేర్చండి. మూత చుట్టూ పిండి పెట్టి, గిన్నె కింద పెనం పెట్టి, ఇరవై నిమిషాలు సన్న మంట. కారేదంతా అన్నంలోకే.

చివరగా పొగ. బాగా ఎర్రబడ్డ బొగ్గును చిన్న స్టీల్ గిన్నెలో వేసి అన్నం మధ్యలో పెట్టి, దాని మీద చెంచా నెయ్యి, వెంటనే మూత. పది నిమిషాలు చాలు. బొగ్గు మాత్రం ఆరుబయటే రాజేయండి, తలుపులు మూసిన వంటగదిలో వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తది.

ఇంకో సీరియస్ విషయం, మయోనైజ్. మన దగ్గర మండీ ప్లేట్‌లో అది లేకపోతే పిల్లలు ఊరుకోరు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండొచ్చు, ఎండాకాలం బల్ల మీద రెండు గంటలుంటే అది పెరుగుతూనే ఉంటది. అందుకే 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ను నిషేధించింది. ఇంట్లో మిక్సీకి ఏ అధికారీ రాడు, కాబట్టి జాగ్రత్త మనదే. కాచి ఫ్రిజ్‌లో చల్లబరిచిన పాలు అర కప్పు, నూనె కప్పు, వెల్లుల్లి, ఉప్పు, చిన్న జార్‌లో తిప్పండి. గుడ్డు సొన చేసే పని, అంటే నూనెను నీళ్లలో పట్టి ఉంచడం, పాల ప్రొటీన్ కూడా చేస్తది. చిక్కబడ్డాక నిమ్మరసం. ఫ్రిజ్‌లో పెట్టి మరుసటి రోజుకు అయిపోగొట్టండి.

నన్నడిగితే అది కూడా అక్కర్లేదు. యెమెన్‌లో మండీ పక్కన పెట్టేది సహావిక్. టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు పచ్చిగానే నూరాలి. రోట్లో కచ్చాపచ్చాగా దంచండి, మిక్సీలో వేస్తే నీళ్లయితది. చికెన్‌తో చేసేవాళ్లు ఉడికే టైమ్ ముప్పై నిమిషాలకు తగ్గించండి, మిగతాదంతా ఇదే. వచ్చే వారం కుబూస్, పెనం మీద పొంగేట్టు.