కాలేయంలోకి వచ్చే కొవ్వు సరే, పోయేదో?

స్కానింగు రిపోర్టులో ‘గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్’ అని కనబడగానే ఇంట్లో అందరి చూపూ నూనె డబ్బా మీదికి పోతుంది. తప్పేం కాదు గానీ అది సగం కథే. కాలేయానికి కొవ్వు నూనెలోంచే రానక్కర్లేదు. మారు వడ్డించుకున్న అన్నంలోంచి కూడా అది కొవ్వు తయారుచేసుకోగలదు. పొట్ట దగ్గర పేరుకున్నది కరిగి చేరేదీ అక్కడికే. ఇన్ని వైపుల నుంచి వచ్చిపడే కొవ్వు మళ్లీ బయటికెలా పోతుందన్నది ఎవరూ అడగరు.

మండవల్లి, కైకలూరు చేపల చెరువుల మీద పట్టుబడి రోజు చూడండి. శీలావతి, బొచ్చె ఎన్ని టన్నులు పడినా ట్రేలూ ఐసూ అందకపోతే సరుకు గట్టు మీదే ఉండిపోతుంది, లారీ ఎక్కదు. కాలేయానికి ఆ ట్రేలు ఫాస్ఫోలిపిడ్లు. కొవ్వు నీళ్లలో కలవదు, రక్తంలో ఎక్కువ భాగం నీరే. అందుకని కాలేయం కొవ్వును సన్నని రేణువులుగా చేసి, పైన ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే ఫాస్ఫోలిపిడ్ పొర తొడిగి, ఒక పెద్ద ప్రొటీన్ తగిలించి రక్తంలోకి వదులుతుంది. ఈ రేణువులే వీఎల్‌డీఎల్. పొరకు సరుకు చాలకపోతే కొవ్వు కణంలోనే బొట్లుబొట్లుగా నిలిచిపోతుంది.

ఇది మొదట కుక్కల్లో బయటపడింది. ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన చార్లెస్ బెస్ట్ బృందం, టొరంటోలో, క్లోమం తీసేసిన కుక్కలను ఇన్సులిన్‌తో బతికించింది. అయినా వాటి కాలేయాలకు కొవ్వు పట్టింది. మేతలో ఫాస్ఫాటిడైల్‌కోలిన్ ఉండే లెసిథిన్ కలిపితే తగ్గింది. అందులో పనిచేస్తున్నది కోలిన్ అని 1932లో తేల్చారు. కోళ్ల మేతలో కోలిన్ క్లోరైడ్ కలపడం ఇప్పుడు మామూలే.

ఫాస్ఫాటిడైల్‌కోలిన్‌లో సుమారు 70 శాతాన్ని కాలేయం కోలిన్‌తో నేరుగా చేసుకుంటుంది. మిగతా 30 శాతం, ఫాస్ఫాటిడైల్‌ఇథనోలమిన్ అనే మరో ఫాస్ఫోలిపిడ్‌కు మూడు మిథైల్ గుంపులు అతికించి చేస్తుంది. ఈ రెండో దారిలోని ఎంజైమును ఈస్ట్రోజన్ పెంచుతుంది. అందుకే నెలసరి ఆగిన ఆడవాళ్లు కోలిన్ తక్కువైన తిండిని మునుపటిలా తట్టుకోలేరు. మిథైల్ అందడానికి ఫోలేటూ కావాలి, బీ12 కూడా కావాలి.

ఇక్కడ మన పక్క ఊరి మనిషి ఒకరు తగులుతారు. మండవల్లిలో భీమవరం రైలెక్కితే దిగే ఊళ్లోనే 1895లో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రచురించిన పద్ధతిలో, ఫాస్ఫేటుకు మాలిబ్డేట్ చేర్చి మరో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. ఎంత ఫాస్ఫరస్ ఉంటే అంత ముదురు నీలం. దాదాపు ప్రతి ఫాస్ఫోలిపిడ్ అణువులోనూ ఒక ఫాస్ఫరస్ పరమాణువు ఉంటుంది కాబట్టి, కాలేయపు కొవ్వును ఆమ్లంలో కాచి ఆ నీలిరంగును కొలిస్తే ఫాస్ఫోలిపిడ్ల లెక్క తేలిపోతుంది. ఆ పద్ధతిని సవరించుకుంటూ ప్రయోగశాలలు దశాబ్దాలపాటు వాడాయి. రెండో దారికి కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన మందుల కంపెనీ లెడర్లీ బృందాన్ని నడిపిందీ ఆయనే.

ఫాస్ఫాటిడైల్‌కోలిన్, ఫాస్ఫాటిడైల్‌ఇథనోలమిన్‌ల నిష్పత్తి మీదే కణపొర గట్టిదనం ఆధారపడింది. ఫాస్ఫాటిడైల్‌కోలిన్ వాటా పడిపోతే పొర కారుతుంది, కాలేయం వాస్తుంది. డెనిస్ వాన్స్ బృందం 2006లో చిట్టెలుకల్లో దీన్ని చూపించింది.

చేప బాగుచేసేవాళ్లకు చేదుకట్టు సంగతి చెప్పక్కర్లేదు. కత్తిపీట తగిలి చిట్లిందా, పచ్చటి చేదు ముక్కలకంతా పాకుతుంది, ఎంత కడిగినా వదలదు. ఆ పిత్తరసంలోని లవణాలు కొవ్వు పొరలను కరిగిస్తాయి. మన పిత్తంలోని అలాంటి లవణాలు మన పిత్తనాళాలనే కరిగించకుండా కాసేది మళ్లీ ఫాస్ఫాటిడైల్‌కోలినే. ఏబీసీబీ4 అనే ప్రొటీన్ దాన్ని పిత్తంలోకి చేరుస్తుంది. ఆ ప్రొటీన్‌ను చేసే జన్యువు రెండు ప్రతులూ చెడిపోయి పుట్టిన పిల్లల్లో కొందరికి కాలేయ మార్పిడి దాకా వస్తుంది.

ఒక గుడ్డులో సుమారు 150 మిల్లీగ్రాముల కోలిన్ ఉంటుంది, దాదాపు అంతా పచ్చసొనలోనే. ఫ్యాటీ లివర్ అనగానే పచ్చసొన తీసి పారేయడం నాకైతే మింగుడుపడదు. అలాగని మందుల షాపులో ఫాస్ఫోలిపిడ్ క్యాప్సూల్ కొనుక్కుంటే తీరిపోయేదీ కాదు. కోలిన్ లోటుతో పట్టిన కొవ్వుకే కోలిన్ విరుగుడు. మన దగ్గర ఎక్కువమందికి పొట్ట, షుగరు, కదలకుండా కూర్చోవడం కలిసి తెచ్చిపెడుతున్న జబ్బిది. ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయపు వాపు తగ్గుతుందని వైద్యులు చెబుతారు. 80 కిలోల మనిషికి అది అయిదున్నర నుంచి ఎనిమిది కిలోలు.