చేను చదవని యంత్రం

హైదరాబాదు నుండి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోయే బాటకు ఇరువైపుల వందలాది మర్రిచెట్లు నిలిచి వున్నవి. వాటి నీడ దాటితే కూరగాయల మడులు, పూలతోటలు. అక్కడ ఒక టమాటా మొక్క ఆకు పండుబారినదనుకొందాం. ఆ ఆకును ఫోనులో చూపి కారణ మడిగితే కృత్రిమ మేధ క్షణంలో తెలుగున బదులు చెప్పగలదు. ఆ బదులును ఎంతవరకు నమ్మవచ్చును?

నీరు నిలిచి వేరు కుళ్లి వుండవచ్చును, పోషకం చాలకపోవచ్చును, తెల్లదోమ తెచ్చిన వైరసు కావచ్చును. రైతు మొక్కను పెకలించి వేరు చూస్తాడు, మన్ను పిడికిట పట్టి పరీక్షిస్తాడు. యంత్రానికి అందినది బొమ్మ మాత్రమే.

2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన 'ట్రాన్స్‌ఫార్మర్' పద్ధతికి ఫలమే 2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీ. అపారమైన రాతను చదివి, ఏ మాట తరువాత ఏ మాట రాదగునో ఊహించడమే దాని మూలవిద్య. తెలియని చోట సైతం ఆ ఊహ ఆగదు; కనుకనే అది తప్పును కూడ పండితుని ధీమాతో పలుకుతుంది. పైగా చదవదగిన రాతకూ హద్దున్నది. 2024 డిసెంబరులో ఇల్యా సుట్స్‌కెవర్ అనే శాస్త్రజ్ఞుడు ఇంటర్నెట్టు ఒక్కటే గదా అని హెచ్చరించాడు. అందులో తెలుగు పాలు మరీ స్వల్పం.

చదువు చాలకున్న అనుభవంతో నేర్వరాదా? 2016లో ఆల్ఫాగో అనే యంత్రం 'గో' ఆటలో లీ సెడోల్‌ను 4-1 తేడాతో ఓడించినది. అది తనతో తానే లక్షలాది ఆట లాడి ఆరితేరినది. కాని ఆటపలకకు హద్దులున్నవి, గెలుపోటములు వెంటనే తేలుతవి. టమాటా నాటిన రైతు ఫలితానికై నెలలు వేచి వుండాలి. లక్ష పంటలు పోగొట్టుకొని నేర్చుకొనే తాహతు ఎవరికి కలదు? రైతుబిడ్డ మాత్రం నాలుగైదు పంటలకే చేను మర్మం గ్రహిస్తాడు.

కొద్ది ఉదాహరణలతో నేర్వడం, కార్యకారణాలను విడదీయడం, తెలియనిదానిని తెలియదనడం — రాబోయే యంత్రం సాధించవలసినవి ఇవి. ప్రపంచపు నడతను గ్రహించే యంత్రాలు కావాలని యాన్ లెకున్ వంటివారు వాదిస్తున్నారు. మాటను యంత్రానికి వినిపించే విద్యలో చిత్తూరు జిల్లా కాటూరున పుట్టిన రాజ్ రెడ్డి మార్గదర్శి. 1994లో ఆయనకు ట్యూరింగ్ బహుమానం లభించినది. రైతు విజ్ఞానంలో అధికభాగం నేటికీ నోటిమాటలోనే వున్నది గనుక ఆ విద్య మనకు మరింత అవసరం.

ఈ పనిలో బడికీ పాలున్నది. చేవెళ్ల, మొయినాబాదు విద్యార్థులు ఇంటి పెద్దల నడిగి ఏ తెగులుకు ఏ పేరు, ఏ మన్నుకు ఏ పైరు అని రాసి పెట్టవచ్చును. రాయకపోతే ఆ ఎరుక రేపటి యంత్రానికే కాదు, రేపటి మనుమలకు సైతం అందదు.