కంప్యూటరు వాడుకరుల సంఘము: దాని ఉద్దేశమును, ప్రయోజనమును

మన పాఠశాలలలోని బాలబాలికలు అనేకులు నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనుచున్నారు. ప్రోగ్రామనగా యంత్రము చేయవలసిన పనిని వరుసగా దానికి తెలుపు ఆజ్ఞల పట్టిక. అందు ఒక చిన్న గుర్తు లోపించినను యంత్రము నిలిచిపోవచ్చును; లేదా, అంతకంటె కీడుగా, తప్పు ఫలమునే ఒప్పువలె చూపవచ్చును. అట్టి తప్పు పట్టువడక ఒంటరిగా కూర్చున్న విద్యార్థి మొదట యంత్రమును నిందించును. పిదప తన్ను తాను నిందించుకొనును. తుదకు "ఈ విద్య నావంటివానికి కాదు" అని విడిచిపెట్టును. ఇట్లు విడిచిన వారిలో పెక్కుమందికి కొరవడినది బుద్ధి కాదు. సిగ్గుపడక అడుగదగిన పొరుగువాడు. ఈ కొరతను తీర్చుటకే వాడుకరుల సంఘములు పుట్టినవి.

ఒక ఊరిలో ఒకే విధమైన యంత్రమునో, ఒకే ప్రోగ్రాము భాషనో వాడువారు నెలకొకసారియో, పక్షమునకొకసారియో ఒకచోట కూడి, తెలిసినది చెప్పుచు తెలియనిది అడుగుచు నుండుటయే ఈ సంఘము. మన పల్లెలలో రచ్చబండపై కూర్చుండి రైతులు ఏ చేనికి ఏ విత్తనము పట్టినదో, ఏ మందు పురుగును చంపినదో చెప్పుకొనుట లేదా? ఇదియు అట్టిదే. ఇందు గురుశిష్య భేదము స్థిరముగా నుండదు. నేడు అడిగినవాడు రేపు చెప్పువాడగును.

ఇట్టి సంఘములు కొత్తవి కావు. 1955వ సంవత్సరమున అమెరికాలో ఐ.బి.ఎమ్. 704 అను పెద్ద యంత్రమును వాడు సంస్థలవారు 'షేర్' అను సంఘమును స్థాపించుకొనిరి. ఆ మాటకు పంచుకొనుట యని అర్థము. అంతవరకు ఒక విమాన కర్మాగారమువారు వ్రాసిన ప్రోగ్రామునే మరియొక కర్మాగారమువారును మొదటినుండి వ్రాసికొనుచు, ఒకే శ్రమను పలుమారులు పడుచుండిరి. వ్యాపారమున పోటీపడు సంస్థలే ఈ విషయమున చేతులు కలిపినవనిన, పంచుకొనుటలోని లాభము ఎంతటిదో ఊహింపవచ్చును.

అయితే సామాన్యుల సంఘములలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది 'హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్'. 1975 జనవరిలో 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' అను పత్రిక 'ఆల్టెయిర్ 8800' అను యంత్రమును గూర్చి ప్రకటించెను. దాని విడిభాగములను 397 డాలర్లకు కొని, ఎవరికి వారు ఇంట కూర్చుకొనవలెను. దానికి మీటల పలక లేదు, తెర లేదు. ముందువైపు చిన్న చిన్న స్విచ్చులును, దీపములును మాత్రమే యుండెను. దానితో ఏమి చేయవలెనో కొన్నవారికే సరిగా తెలియదు. అందుచేత ఆ సంవత్సరము మార్చి 5వ తేదీని కాలిఫోర్నియాలోని మెన్లో పార్కునందు గోర్డన్ ఫ్రెంచ్ అనువాని కారుకొట్టములో ముప్పదిమందికి పైగా కూడిరి. ఫ్రెడ్ మూర్ అనునతడు ఫ్రెంచితో కలిసి ఈ కూటమిని పిలిచెను.

ఆ తొలి దినములలో జరిగిన యొక సంగతి చెప్పదగినది. స్టీవ్ డాంపియర్ అను సభ్యుడు తన ఆల్టెయిరును కూటమికి తెచ్చి, ఒక్కొక్క స్విచ్చును నొక్కుచు ప్రోగ్రామును ఎక్కించెను. ఇంతలో ఎవరి కాలో తగిలి విద్యుత్తు తీగ ఊడిపోయెను, ఎక్కించినదంతయు చెరిగిపోయెను. అతడు విసుగుకొనక మరల మొదటినుండి ఎక్కించెను. అప్పుడు ప్రక్కనున్న చిన్న రేడియో పాట పాడనారంభించెను! యంత్రమునుండి వెలువడు విద్యుత్తరంగములను రేడియో గ్రహించునని అతడు కనిపెట్టి, ఆ అలజడినే స్వరములుగా మలచెను. కూడినవారు లేచి కరతాళధ్వనులు చేసిరి. ఒంటరిగా తన గదిలో విన్నయెడల అది అతనికొక వినోదమై యుండును. పదిమంది నడుమ వినిపింపగా అది వారందరికిని ధైర్యమాయెను.

ఆ మొదటి కూటమికి స్టీవ్ వోజ్నియాక్ అను యువకుడును వచ్చెను. అతడు మిక్కిలి బిడియస్థుడు. ఆ రాత్రి ఇతరుల మాటలు వినుచు తనకేమియు తెలియదని సంకోచపడెను. కాని అచ్చట పంచిపెట్టిన యొక కాగితమును ఇంటికి కొనిపోయి చదువగా, తాను లోగడ నేర్చినదే దానియందున్నదని గ్రహించెను. అప్పటినుండి తానొక యంత్రమును నిర్మించి, ప్రతి కూటమికిని తెచ్చి చూపుచు, దాని పటములను అడిగినవారికెల్ల ఉచితముగా నిచ్చెను. ఆ యంత్రమే 1976లో 'యాపిల్ 1' అను పేర వెలువడెను. ఆ సంఘము లేకున్న తమ యంత్రమే లేకపోయి యుండునని తరువాత అతడే వ్రాసెను.

పంచుకొనుటకు ఒక హద్దు కలదనియు ఈ సంఘ చరిత్రయే మనకు నేర్పుచున్నది. బిల్ గేట్స్, అతని మిత్రులు ఆల్టెయిరు కొరకు వ్రాసిన 'బేసిక్' ప్రోగ్రామును కొందరు సభ్యులు వెల చెల్లింపక నకళ్లు తీసి పంచిరి. 1976 ఫిబ్రవరిలో గేట్స్ బహిరంగ లేఖ వ్రాసి, శ్రమపడినవానికి కూలి దక్కకున్న మంచి ప్రోగ్రాములు ఎవరు వ్రాయుదురని నిలదీసెను. కొందరు నొచ్చుకొనిరి. కాని అదే కాలమున మరికొందరు 'టైనీ బేసిక్' అను చిన్న ప్రోగ్రాములను స్వయముగా వ్రాసి, వాని ఆజ్ఞలన్నిటిని పత్రికలలో ప్రకటించిరి. మొదటివారు పంచినది పరుల సొత్తు. రెండవవారు పంచినది తమ శ్రమ. ఈ భేదమును బాల్యముననే తెలిసికొనుట మంచిది.

"నేడు ఏ ప్రశ్నకైనను చేతిలోని ఫోనే క్షణములో ఉత్తరమిచ్చుచుండగా, ఊరిలో సంఘమేల?" అని కొందరు అడుగవచ్చును. ఫోను అడిగిన ప్రశ్నకు ఉత్తరమిచ్చును. కాని కొత్తగా నేర్చువానికి ఏమి అడుగవలెనో తెలియకుండుటయే మొదటి కష్టము. ప్రక్కన కూర్చున్నవాడు వాని పనిని కన్నులార చూచి, వాడడుగని ప్రశ్నకును ఉత్తరము చెప్పగలడు. మరియు మన ఊరి చిక్కులు మన ఊరివారికే బాగుగా తెలియును. 'లక్ష్మి' అను పేరును మన కన్ను రెండక్షరములుగా చూచును. కంప్యూటరు యూనికోడు పద్ధతిని ఒత్తులను, గుడిని విడదీసి ఏడు గుర్తులుగా లెక్కించును. ఆంగ్ల పాఠ్యపుస్తకమును చూచి పేర్లను తలక్రిందులు చేయు ప్రోగ్రామును వ్రాసిన బాలిక, తన తల్లి పేరు తెరపై ముక్కలగుట చూచి తానే తప్పు చేసితినని కుందును. ఆ బాధ ముందు పడిన తెలుగువాడు ఒక్క నిమిషములో కారణము చెప్పును. హైదరాబాదులో 'స్వేచ్ఛ' మొదలగు సంస్థలవారు స్వతంత్ర సాఫ్ట్‌వేరును తెలుగువారికి అందించుటకు ఇట్లు కూడి పాటుపడుటచేతనే మన భాష ఈ యంత్రములయందు వ్యాపించుచున్నది.

ఇట్టి సంఘమును పాఠశాలలో నడుపుటకు గొప్ప ధనము అక్కరలేదు. హోమ్‌బ్రూ కూటములను నడిపిన లీ ఫెల్సెన్‌స్టైన్ పద్ధతి మనకును చాలును. మొదట ప్రతివాడును లేచి తానేమి చేయుచున్నాడో, తనకేమి కావలెనో క్లుప్తముగా చెప్పును. పిమ్మట సభ చెదరి, కావలసినవారు చెప్పగలవారిని వెదకికొని మాటలాడుకొందురు. దీనికి మూడు నియమములు చేర్చుకొందము: ఎవరి ప్రశ్నను చూచియు నవ్వరాదు, పెద్దవాడు చిన్నవాని చేతిలోని పనిని లాగికొని తానే చేసివేయరాదు, పూర్తికాని పనిని చూపుటకు ఎవరును సిగ్గుపడరాదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలు యంత్రము ముందు గంటలకొలది ఒంటరిగా కూర్చుందురని మీరు చింతించుచున్నారు. ఆ చింత న్యాయమైనదే. వారిని యంత్రమునుండి లాగివేయుటకు ముందు పదిమంది తోటివారి నడుమ కూర్చుండబెట్టి చూడుడు. విద్యార్థులారా, "నాకు తెలియదు" అను మాటను నలుగురిలో నిర్భయముగా పలుకుడు. ఆ మాట పలుకలేకయే, మనలో ఎందరో ఈ విద్యను వాకిటనే విడిచి మరలిపోయిరి.