ప్రోగ్రాములో చేతిరాత



మన కోలారు జిల్లాలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివే పిల్లల నోటుపుస్తకాలు దిద్దేవారికి ఒక సంగతి బాగా తెలుసు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. తెలుగు తలకట్టు టిక్కు గుర్తులా పైకి లేస్తుంది, కన్నడ తలకట్టు అడ్డంగా సాగి వంపు తిరుగుతుంది. ఏది రాసినా తప్పు లేదు. కానీ ఒకే వాక్యంలో రెండూ కలిపితే, చదివేవారి కన్ను అర్థాన్ని వదిలి అక్షరం దగ్గర ఆగిపోతుంది. కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారి మధ్య ఇటువంటి వాదమే ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఈనాటి ప్రసంగం దాని గురించే.

2001లో బంగారు గనులు మూతపడిన తరువాత, మారికుప్పం, బంగారుపేట రైళ్ళలో బెంగుళూరుకు పనికి వెళ్ళడం కె.జి.ఎఫ్. కుటుంబాలకు మామూలైపోయింది. వారిలో ప్రోగ్రాములు రాసే యువతీయువకులూ ఉన్నారు. మీ ఇంట్లోనూ ఒకరు ఉండవచ్చు. వారి నోట 'ఓపెన్ సోర్స్' అనే మాట మీరు వినే ఉంటారు. ప్రోగ్రాము మూలాన్ని దాచకుండా అందరూ చదివేలా ఉంచడమే ఓపెన్ సోర్స్. ఎవరైనా ఒక సవరణ రాసి పంపవచ్చు. దాన్ని చేర్చుకునే ముందు అనుభవజ్ఞులు వరుస వరుసా చదివి వ్యాఖ్యలు రాస్తారు. దీనినే కోడ్ రివ్యూ అంటారు. లెక్క సరిగా ఉందా అన్నది ఒక ప్రశ్న. చదివితే అర్థమవుతుందా అన్నది మరొకటి. అసలు తగవులన్నీ ఈ రెండవదాని దగ్గరే.

యంత్రానికి అర్థమైతే చాలదా, మనిషికి చదవడం ఎందుకు అని మీరు అడగవచ్చు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ తన ఫోన్ల ప్రోగ్రాములో ఒక తప్పును సరిదిద్దింది. ఫోను సంప్రదిస్తున్నది నిజమైన సర్వరునేనా అని సంతకం సరిచూసే భాగం అది. అందులో 'ఈ పరీక్ష తప్పితే బయటికి వెళ్ళు' అనే అర్థంలో వరుసలున్నాయి. ఒకచోట 'బయటికి వెళ్ళు' అన్న వరుస పొరపాటున రెండుసార్లు పడింది. రెండూ ఒకే విధంగా లోపలికి జరిపి ఉన్నందువల్ల, రెండూ ఆ షరతు కిందివే అని కన్ను నమ్ముతుంది. యంత్రం మాత్రం వంపు బ్రాకెట్లు లేనిచోట షరతు వెనుక ఉన్న ఒక్క వరుసనే దానికి చెందినదిగా తీసుకుంటుంది. కనుక రెండవది షరతుతో పని లేకుండా ప్రతిసారీ అమలయింది. ఆ కింద జరగవలసిన సంతకం పరీక్ష జరగనే లేదు, అయినా 'అంతా సవ్యం' అన్న జవాబు వచ్చింది. దారిలో కాచుకున్న మోసగాడు అసలు సర్వరులా నటించడానికి ఇంతకంటే ఏం కావాలి?

బ్రాకెట్లు పెట్టి ఉంటే, ఆ అదనపు వరుస వాటి లోపలే పడి ఏ హానీ చేసేది కాదు. పరీక్షలు గట్టిగా చేసినా దొరికేదే అన్నవారూ ఉన్నారు, ఆ మాటా నిజమే. 2016లో వచ్చిన జి.సి.సి. 6వ రూపం, వరుసల అమరిక ఇలా కన్నును మోసగించే చోట హెచ్చరించడం నేర్చుకుంది.

అయితే శైలి తగవులన్నీ ఇంత బరువైనవి కావు. లినక్స్ శైలి పత్రాన్ని రాసిన లీనస్ టోర్వాల్డ్స్, మొదట్లోనే గ్నూ వారి నియమావళిని అచ్చువేసి, చదవకుండా తగులబెట్టమని చమత్కరించాడు. వరుసకు 80 అక్షరాలే ఉండాలన్న ఆచారం మరీ విచిత్రం. 1928 నాటి ఐ.బి.ఎం. రంధ్రాల కార్డులో 80 నిలువు గడులుండేవి. కార్డులు పోయినా ఆ అంకె మిగిలింది. 2020 మే నెలలో లినక్స్ వారు 80 దాటితే వచ్చే హెచ్చరికను 100కు పెంచారు, 80 లోపల ఉంటే మేలన్న మాట మాత్రం ఉంచారు.

ఇటువంటివాటిని యంత్రానికి అప్పగించడమే మంచిదని నా అభిప్రాయం. 2009లో వెలువడిన గో భాషతో గోఫ్మ్‌ట్ అనే పనిముట్టు వచ్చింది. అది ఎవరి రాతనైనా ఒకే తీరులో సర్దిపెడుతుంది. ఆ తీరు నచ్చనివారూ వాడుకుంటారు, ఎందుకంటే వాదం ముగుస్తుంది.

యంత్రం సర్దలేనిది పేరు. మన పల్లెల్లో పాల సేకరణ కేంద్రం లెక్కకు ప్రోగ్రాము రాస్తున్నారనుకోండి. లీటర్లకు ఎక్స్, ధరకు వై, వెన్న శాతానికి జెడ్ అని పేరు పెడితే, ఆరు నెలల తరువాత రాసినవారికే అర్థం కాదు. పోనీ 'పాలు' అని పెట్టారు. తెలుగువారికి అది పాలు. పక్కన కూర్చున్న కన్నడ సహోద్యోగికి 'పాలు' అంటే వాటా. (పాలను వారు 'హాలు' అంటారు కదా!) సొమ్ము పంచే లెక్కలో రెండు అర్థాలూ పొసుగుతాయి, చిక్కంతా అక్కడే. 'లీటర్ల సంఖ్య', 'సభ్యుని వాటా' అని విడివిడిగా పేరు పెట్టమని రివ్యూలో అడిగితే అది చాదస్తం కాదు. రైతు చేతికందే డబ్బు సంగతి.

అడిగే తీరు మరొక ముఖ్య విషయం. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన పరుషమైన మాటలకు క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పనికి విరామం ఇచ్చాడు. లినక్స్ ప్రవర్తనా నియమావళి కూడా అప్పుడే వచ్చింది. మన జిల్లా పిల్ల పంపిన మొదటి సవరణకు 'ఇది చెత్త' అని ఇంగ్లీషులో జవాబు వస్తే, రెండవ సవరణ పంపుతుందా? 'ఈ పేరు నన్ను తికమకపెట్టింది, ఇలా మారిస్తే ఎలా ఉంటుంది' అంటే తప్పు తెలుస్తుంది, మనిషీ నిలుస్తుంది. ఎర్ర సిరా వాడే మా వృత్తివారు కూడా ఆలోచించవలసిన సంగతే ఇది.

మీ ఇంటి పిల్లలు మొదటిసారి సవరణ పంపబోతుంటే ముందుగా ఆ ప్రాజెక్టు వారి శైలి పత్రం చదవమనండి. సర్దే పనిముట్టు ఉంటే ఒకసారి నడపమనండి. పనిని మార్చే సవరణనూ, ఖాళీలు సర్దే సవరణనూ ఒకే మూటలో కట్టవద్దని చెప్పండి. మార్చినది నాలుగు వరుసలే అయినా, నాలుగు వందల వరుసల ఖాళీలు కదిలితే, ఆ నాలుగూ ఎక్కడున్నాయో చదివేవారు వెతుక్కోవలసి వస్తుంది.