అణుపరీక్షలు - దౌత్యమార్గము

హోసూరునకు సమీపమున తొరపల్లి యను చిన్న గ్రామము కలదు. నేడది కృష్ణగిరి జిల్లాలో నున్నను, 1965 మొదలు 2004 వరకు మన ధర్మపురి జిల్లాలోనిదే. రాజాజీ యని ప్రసిద్ధులైన చక్రవర్తి రాజగోపాలాచార్యులవారు 1878లో అచ్చట జన్మించిరి. వారు ఎనుబదిమూడేండ్ల వయస్సున, 1962 సెప్టెంబరులో, గాంధీ శాంతి ప్రతిష్ఠానము పక్షమున అమెరికాకు వెళ్ళి, అధ్యక్షుడు కెనెడీని కలిసికొని, అణుపరీక్షలను నిలుపవలసినదిగా కోరిరి.

ఒక వృద్ధుని మాటను అంతటి రాజ్యము వినునా యని మనకు సందేహము కలుగవచ్చును. దౌత్యమనగా నేమో తెలిసికొన్నచో ఈ సందేహము తీరును.

1954 మార్చి 1న అమెరికా బికినీ దీవులలో హైడ్రోజన్ బాంబును పరీక్షించెను. దూరమున చేపలు పట్టుచున్న జపాను పడవవారిపై విషధూళి పడి, వారు వ్యాధిగ్రస్తులైరి. ఏప్రిల్ 2న నెహ్రూగారు, ఇట్టి పరీక్షలను ఆపివేయవలెనని పార్లమెంటులో ప్రతిపాదించిరి. తరువాత రాజకీయములలో వారును రాజాజీగారును ప్రత్యర్థులైనను, ఈ విషయమున ఇరువురి కోరికయు నొక్కటియే.

రాజాజీగారు కెనెడీని కలిసిన మరుసటి నెలలోనే, క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడి ప్రపంచము యుద్ధపుటంచునకు వచ్చెను. 1963 ఆగస్టు 5న అమెరికా, రష్యా, బ్రిటన్‌లు గాలిలోను, నీటిలోను, అంతరిక్షములోను అణుపరీక్షలను నిషేధించుచు మాస్కోలో సంతకములు చేసినవి. భారతదేశమును వెంటనే చేరెను. ఇది రాజాజీగారి మాటవలననే జరిగెనని మేము చెప్పము. పలువురు పలుమార్లు చెప్పిన మాటలు దారిని సుగమము చేసినవని మాత్రము చెప్పగలము. అయినను భూగర్భ పరీక్షలకు ఆ ఒడంబడికలో అడ్డు లేదు.

1998 మే 11, 13 తేదీలలో భారతదేశము పోఖ్రానులో పరీక్షలు జరిపెను. మే 28న పాకిస్తాన్ చాగాయి కొండలలో బదులిచ్చెను. జూన్ 6న భద్రతా మండలి 1172వ తీర్మానముతో రెండింటిని ఖండించెను. ఖండనచే ఆయుధములు మాయము కావు. అప్పుడు పొరపాటు రాకుండ చూచుకొనుట దౌత్యము యొక్క పని.

మన ప్రాంతపు రాతిగనులలో మందు పేల్చుటకు ముందు చుట్టుప్రక్కలవారిని హెచ్చరింతురు. క్షిపణి పరీక్షకును అట్టి హెచ్చరికయే అవసరము. ఎగిరివచ్చునది పరీక్షయో, దాడియో నిర్ణయించుటకు పొరుగుదేశమునకు కొన్ని నిమిషములే యుండును. కావున 2005 అక్టోబరు 3న ఉభయదేశములు ఒక ఒడంబడిక చేసికొనినవి. బాలిస్టిక్ క్షిపణిని పరీక్షించుటకు కనీసము మూడు దినములు ముందుగా తెలుపవలెను. ప్రయోగస్థలము సరిహద్దునకు 40 కిలోమీటర్లలోపల గాని, క్షిపణి పడుచోటు 75 కిలోమీటర్లలోపల గాని ఉండరాదు.

ఈ ఒడంబడిక క్రూయిజ్ క్షిపణులకు వర్తింపదు. 2022 మార్చి 9న అట్టి భారత క్షిపణి యొకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్ భూమిపై పడెను. ప్రాణనష్టము కలుగలేదు. పాకిస్తాన్ నిరసన తెలిపెను. భారతప్రభుత్వము విచారము ప్రకటించి, విచారణ జరిపి, బాధ్యులను తొలగించెను. ప్రతిదాడి జరుగలేదు.

మాటకు ఆయుధమును కరగించు శక్తి లేకపోవచ్చును. పొరపాటు యుద్ధముగా మారకుండ ఆపు శక్తి కలదు. తొరపల్లి వృద్ధుడు అంతదూరము వెళ్ళినది ఇట్టి మాట చెప్పుటకే. పొరుగువానితో మాట మానుకొనుట శౌర్యమని విద్యార్థులమగు మనము ఎన్నడును భ్రమపడరాదు.