రంగు కన్నా ముందు రేకు

సంక్రాంతి వెళ్లి, ధాన్యం బస్తాలు మిల్లులకు చేరిపోయాక రాజాం చుట్టుపక్కల లగేజీ బళ్లకు కాస్త తీరిక దొరుకుతుంది. పాలకొండ రోడ్డులోనో, చీపురుపల్లి రోడ్డులోనో ఇంటి ముందు ఆపి ఉన్న ఒక టాటా ఏస్ దగ్గరికి వెళ్లి చూడండి. ముందు క్యాబిను బాగానే ఉంటుంది. వెనక తొట్టి దగ్గర వంగి, తలుపు బందుల కింద వేలు పెట్టి రాస్తే మాత్రం వేలికి ఎర్రపొడి అంటుకుంటుంది. బండి మీద బతికే మనిషికి ఆ పొడి చిన్న విషయం కాదు.

మా బావమరిది బండికి నిరుడు ఒక షెడ్డులో రంగు వేయించాడు. అద్దంలా మెరిసింది. వానాకాలం దాటకుండానే తొట్టి పక్కరేకు మీద చిన్న చిన్న బొబ్బలు లేచాయి. "ఏడాది అవనేదు బావా, అప్పుడే సిలుం లేసిపోనాది" అన్నాడు దిగులుగా. చాకు మొనతో ఒక బొబ్బ చిదిపి చూశాం. పైన తళతళలాడే రంగు, కింద నారింజ రంగు పొడి. పాత తుప్పును గీకకుండా దానిమీదే రంగు కొట్టేశారు.

అక్కడ జరిగింది ఇది. ఇనుముకు నీరూ, గాలిలోని ఆక్సిజనూ కలిస్తే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని మరింత వేగంగా సాగుతుంది. మన బళ్లు మోసేవి చూడండి: నౌపడ ఉప్పు బస్తాలు, మంచునీరు కారే చేపల పెట్టెలు, ఎరువులు. పొటాష్ ఎరువు కూడా ఒక రకం ఉప్పే, అందులో క్లోరైడు ఉంటుంది. పైగా తుప్పు, తాను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగును కిందినుంచి పైకి తోసి బొబ్బ కట్టిస్తుంది. పని బండికి రంగు అంటే వానలో గొడుగు లాంటిది. మెరుపు లేకపోయినా ఫరవాలేదు, చిల్లు మాత్రం ఉండకూడదు.

ఆ గొడుగును ఇంటి దగ్గర, బ్రష్షుతో, మన చేతుల మీదుగా వేసుకోవచ్చు. బ్రష్షు అనగానే నాసిరకం పని అనుకోనక్కర్లేదు. నూరేళ్ల కిందట అమెరికాలో కార్లకే బ్రష్షుతో రంగులూ వార్నిషూ వేసేవారు, పూత మీద పూత ఆరడానికి వారాలు పట్టేది. 1923లో డూకో అనే తొందరగా ఆరే లాకర్ రంగు వచ్చాకే ఆ పని రోజుల్లోకి దిగింది.

ఖర్చు లెక్క వేసేటప్పుడు చాలామంది రంగు డబ్బా ధర చూస్తారు. అసలు ఖర్చు అది కాదు. బండి ఇంటి దగ్గర ఆగిపోయిన ప్రతి రోజూ కిరాయి పోతుంది. అందుకే బండి మొత్తాన్ని ఒకేసారి విప్పి కూర్చోవద్దని నా సలహా. ఈ ఆదివారం కుడి పక్కరేకు, వచ్చే ఆదివారం ఎడమది, ఆ పై వారం వెనక తలుపు. అడుగు రేకు ఆఖరికి ఉంచుకోండి. దాని మీద బరువు వేయకుండా కనీసం నాలుగైదు రోజులు ఆరనివ్వాలి కాబట్టి, కిరాయిలు పలచగా ఉండే వారం చూసుకోండి.

పనిలో ముప్పావు వంతు రంగు డబ్బా మూత తీయకముందే అయిపోవాలి. ముందు బట్టలుతికే సబ్బు పొడి కలిపిన నీళ్లతో బాగా రుద్ది కడగండి. డీజిలు, గ్రీజు జిడ్డు ఏమాత్రం మిగిలినా రంగు పట్టదు. కొందరు తుప్పు రాకుండా కింద వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తారు. అలా పూసినచోట రంగు నిలవదు, జిడ్డంతా పోయేదాకా కడగాల్సిందే. తరవాత పాత రంగును నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపరుతో రుద్దండి. నీళ్లు ఎందుకంటే, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది, కానీ అది ఇళ్లకూ అలంకరణకూ వాడే రంగులకే. బండి రంగు ధూళి పిల్లల ఊపిరిలోకి పోకూడదు. గీకిన పెచ్చులను ఊడ్చి మూట కట్టండి, వాకిట్లో వదలకండి.

తుప్పు ఉన్నచోట మాత్రం పొడిగానే పని చేయాలి. ముక్కుకు మాస్కు కట్టుకుని, వైరు బ్రష్షుతోనూ 80 నంబరు ఎమరీ పేపరుతోనూ తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దండి. ఒక పరీక్ష చెబుతాను. రుద్దిన చోట అంచు మీద వేలు నడపండి. మిగిలిన రంగుకూ ఇనుముకూ మధ్య మెట్టు తగిలితే 120, ఆ తరవాత 220 పేపరుతో ఆ మెట్టును వాలుగా చేయండి. మెట్టు ఉన్నచోటే తిరిగి పెచ్చు లేస్తుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగిపోయే రేకు ఉంటే రంగుతో కప్పి లాభం లేదు. ఆ ముక్క కోయించి వెల్డింగు పెట్టించండి, ఆ డబ్బు దండగ కాదు.

ఇనుము బయటపడిన రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పడాలి. రాత్రి మంచుకు వదిలేస్తే తెల్లారేసరికి సన్నటి తుప్పు పొర మళ్లీ వచ్చేస్తుంది. మన ఊళ్లలో గేట్లకూ తొట్లకూ ఎర్ర ప్రైమరు వేసి, అదే రంగు అనుకుని నెలల తరబడి వదిలేస్తారు. అది పొరపాటు. ప్రైమరుకు సన్నటి రంధ్రాలుంటాయి, నీటిని లోపలికి పోనిస్తుంది. పైన రంగు పడితేనే దాని పని పూర్తవుతుంది. సొట్టలకు లప్పం వేయాలనిపిస్తుంది. క్యాబిను మీద వేసుకోండి. బస్తాలు తగిలే తొట్టికి వద్దు, దెబ్బ తగిలితే పెచ్చుగా ఊడిపోతుంది.

ఇక రంగు. ఇంటి పనికి సింథటిక్ ఎనామిలు చాలు. గట్టిపరిచే మందు కలిపే పీయూ రంగు ఎంత బాగున్నా ఇంటి దగ్గర స్ప్రే చేయవద్దు. ఆ మందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం రావచ్చు, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఈ ఒక్క మాటా గట్టిగా గుర్తుంచుకోండి. ఇంకొకటి, ఎనామిలును పలచన చేయడానికి టర్పెంటైనే వాడండి. ఘాటైన ఎన్‌సీ థిన్నరు కలిపితే కింది పూత ముడతలు పడి లేచిపోవచ్చు.

ఎంత కొనాలి? ఏస్ తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, అడుగు ఎత్తు. అడుగు రేకు 35 చదరపు అడుగులు. చుట్టూ నాలుగు పక్కలా లోపలా బయటా కలిపి 48. మొత్తం 83. లీటరు ఎనామిలు ఒక పూతకు దాదాపు నూరు చదరపు అడుగులు వస్తుంది. రెండు పూతలకు రెండు లీటర్లు తెచ్చుకుంటే కొంచెం మిగులుతుంది కూడా.

రెండు పూతలూ పలచగా వేయాలి. ఎనామిలు రెండు అంచెల్లో ఆరుతుంది. ముందు టర్పెంటైను ఎగిరిపోతుంది, తరవాత రంగు గాలిలోని ఆక్సిజను పీల్చుకుని గట్టిపడుతుంది. మందంగా పూస్తే పైన మీగడలా తోలు కట్టి, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. మొదటి పూత మీద ఒక రోజంతా గడిచాకే రెండోది. మంచు విడిచాక, తొమ్మిది దాటిన తరవాత మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించండి. సాయంత్రం వేస్తే రాత్రి మంచుకు మెరుపు చచ్చి పాలిపోతుంది. దుమ్ము లేవకుండా ముందు వాకిట్లో నీళ్లు చల్లండి. ఫిబ్రవరి, మార్చి ఈ పనికి మంచి నెలలు. అక్టోబరులో మాత్రం వద్దు. హుద్‌హుద్ తుపాను 2014లో, తిత్లీ తుపాను 2018లో ఆ నెలలోనే వచ్చి పడ్డాయని మన వైపు వాళ్లకు వేరే చెప్పాలా! పని జరిగే చోట బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. రంగు తుడిచిన గుడ్డలను కుప్పగా పడేయకండి, విడిగా ఆరేయండి. అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు.

రంగు పడకూడని చోట్లున్నాయి: బ్రేకు గొట్టాలు, గ్రీజు నిప్పిళ్లు, లైట్లు, రేడియం స్టిక్కర్లు, అడుగు రేకులో నీరు పోయే కన్నాలు. చాసిస్ నంబరు చెక్కిన చోట రంగు మందంగా పూయవద్దు. ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు ఆ అంకెలు స్పష్టంగా కనిపించాలి. ఎనిమిదేళ్లలోపు రవాణా బండికి రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ తప్పదు.

ఆర్‌సీలో రాసి ఉన్న రంగునే వేయండి. రంగు మారిస్తే రవాణా శాఖ వారి దగ్గర ఆర్‌సీలోనూ మార్పించుకోవాలి. ఒక్క ఆలివ్ పచ్చ మాత్రం ఎవరూ వేయకూడదు. చట్టప్రకారం అది రక్షణ శాఖ బళ్లకే.

మిగిలిన రంగును మూత గట్టిగా బిగించి నీడలో దాచండి. తొట్టిలో రబ్బరు పట్టా వేసే అలవాటుంటే వాన వెలిసిన ప్రతిసారీ దాన్ని ఎత్తి కింద ఆరనివ్వండి. నెలకోసారి వెనక తలుపు బందుల కింద వేలు పెట్టి చూడండి. వేలికి ఎర్రపొడి అంటుకున్న రోజే ఆ అంగుళం మేర గీకి, ప్రైమరు వేసి, ఆరాక ఆ మిగిలిన రంగు పూయండి.